తగాదాకొచ్చినవాళ్లకు కుర్చీ వేసే మనిషి

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో ఒకావిడ అందరినీ కడిగిపారేసింది. లిఫ్టు పాడైతే బాగు చేయించే దిక్కు లేదని, పై అంతస్తుల్లో మోకాళ్ల నొప్పులవాళ్లు ఉన్నారన్న ఇంగితం కూడా కమిటీకి లేకపోయిందని, చేతిలో కూరగాయల సంచీ అలాగే పట్టుకుని దులిపేసింది. కార్యదర్శి ముఖం మాడ్చుకున్నాడు. మిగతావాళ్లు ఫోన్లలోకి తలలు దూర్చారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. "ఈమెను ఇడ్సిపెట్టొద్దు" అని పైకే అనేశాను. పక్కనున్న అమ్మాయి నా వంక వింతగా చూసింది. భీమవరం దగ్గర పుట్టినదాన్ని, నా నోట ఆ యాస ఎక్కణ్ణుంచి వచ్చిందా అని కాబోలు.

ఆ యాసా నాది కాదు, ఆ మాటా నాది కాదు. రెండూ ఆయనవి. వెంటనే ఫోన్ చేసి, అన్నా, ఇవాళ మంచి మనిషి దొరికింది, గొంతు ఖంగుమంటోంది అని చెప్పాలనిపించింది. ఫోను చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, ఆయన లేడని. పోయి ఏళ్లవుతోంది. పోయిన రోజున నాకు సరిగా ఏడుపు కూడా రాలేదు. మొన్న లిఫ్టు గురించి ఎవరో అరుస్తుంటే వచ్చింది.

ఆయన పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు కూడా. అందరికీ అన్నే. ఆయనకంటే పదేళ్లు పెద్దవాళ్లకీ అన్నే. అమీర్‌పేటలో, కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందులో, ఆయనకు బట్టల దుకాణం ఉండేది. ముందు ప్యాంటు గుడ్డలు, చొక్కా గుడ్డలు, వెనక గదిలో కుట్టు మిషన్లు. అదృష్టం మా సందులోకే పొద్దున్నే బస్సు దిగుతుందని జనం నమ్మిన రోజులవి. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో మంచానికొకడుగా సర్దుకున్న కుర్రాళ్లు, ఎల్లుండి ఇంటర్వ్యూ అనగా ఇవాళ సాయంత్రం ఆయన దుకాణానికి పరుగెత్తుకొచ్చేవాళ్లు. గోడకు మేకు కొట్టి రెండు టైలు వేలాడదీసేవాడు. ముడి వేసే ఉండేది. తలలోంచి దూర్చుకుని బిగించుకోవడమే. ఎవరికి కావాలంటే వాళ్లు పట్టుకెళ్లొచ్చు, మళ్లీ తెచ్చి అదే మేకుకు తగిలించాలి.

ఇది దుకాణం సంగతి. దానికంటే ఆయన ప్రాణం పెట్టింది మా సేవా క్లబ్బుకు. పంజాగుట్టలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద చిన్న గదిలో కలుసుకునేవాళ్లం. రక్తదానాలు, కంటి పరీక్షలు, వేసవిలో చలివేంద్రాలు మా పని. ప్రతి ఏడూ అధ్యక్షుడు మారేవాడు, కార్యదర్శి మారేవాడు. కొత్త సభ్యుల్ని చేర్చే బాధ్యత మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇంకొకరికి ఇద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు, వచ్చినా ఎవరూ తీసుకునేవాళ్లు కాదు. మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి మీటింగుకు వచ్చేసేవాడు. క్లబ్బుల పై ఆఫీసు నుంచి వచ్చిన అతిథి ఒకాయన, అధ్యక్షుడు మెడలో వేసుకునే పతకాల పట్టీ లాగా ఇదీ ఏదో పదవికి గుర్తేమో అనుకుని ఆయనకు ముందు నమస్కారం పెట్టాడు. ఆయన కూడా గంభీరంగా అందుకున్నాడు. తరువాత మేమంతా నవ్వి చచ్చాం.

నేను ఆయనకు దొరికిన వైనం చెబుతాను. అప్పుడు నేను ఒక కోచింగ్ సెంటర్‌లో జావా చెప్పేదాన్ని. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఒక మధ్యాహ్నం కింద షామియానా వేసి, మైకు పెట్టి, రక్తదానం చేయండి, ప్రాణాలు కాపాడండి అని హోరెత్తిస్తున్నారు. నేను చెప్పేది ముందు బెంచీకి కూడా వినపడటం లేదు. కాసేపు ఓర్చుకున్నాను. తరువాత డస్టరు చేత్తో పట్టుకునే మెట్లు దిగాను.

"ఏంటండీ ఇది? పైన పిల్లలు చదువుకుంటున్నారని తెలీదా? మీరు రక్తం ఇమ్మంటున్నారా, మా రక్తం తాగుతున్నారా?" అని గట్టిగానే అరిచాను. రోడ్డు మీద జనం ఆగి చూశారు.

మెడలో టేపున్న మనిషి ఒకాయన గబగబా వచ్చాడు. సర్దిచెబుతాడేమో, లేకపోతే ఎదురు దెబ్బలాడతాడేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఇనప కుర్చీ ఒకటి విప్పి, భుజం మీద తువ్వాలుతో తుడిచి నా ముందు వేశాడు.

"కూసో చెల్లె. నాలుగు అంతస్తులు దిగొచ్చినవ్. జర చాయ్ తాగు, అటెన్క తిట్టు" అన్నాడు.

"నాకు చాయ్ అక్కర్లేదు. ముందు ఆ మైకు ఆపండి."

"బరాబర్ చెప్పినవ్" అని నిజంగానే మైకు ఆపించాడు. సందంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. అప్పుడు నా ఎదుట మరో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "బందు పెట్టినం. మరి మైకు లేకుంటే గీ జనానికి ఎట్ల తెలుస్తది? నువ్వే చెప్పు, ఎట్ల చేద్దాం?"

"దానికి మైకెందుకండీ? మా క్లాసులోనే బోలెడంతమంది ఉన్నారు. పైకొచ్చి అడిగితే నేను చెప్పనా?"

"గిప్పుడు అడుగుతున్న గద" అన్నాడు, అంత అమాయకంగా.

ఆ సాయంత్రానికి మా సెంటర్‌లో క్లాసు తరువాత క్లాసు కిందికి దిగింది. పక్క సెంటర్ల నుంచీ వచ్చారు. రక్తం ఇవ్వడానికి వరస కట్టించింది నేనే, సూది చూసి కళ్లు తేలేసినవాడి ముఖాన నీళ్లు చల్లిందీ నేనే. నేను తేరుకుని చూసేసరికి నా డస్టరు ఎక్కడో పోయింది, నేను వాళ్ల మనిషినైపోయాను. వారం తిరక్కుండా సభ్యత్వం మాటెత్తాడు. నాకు తీరిక లేదండీ అన్నాను.

"తీరిక లేనోళ్లే కొట్లాటకు దిగొస్తరు చెల్లె. తీరికున్నోళ్లు కిటికీ మూసుకుంటరు" అన్నాడు.

అదే ఆయన పద్ధతి. మిగతా క్లబ్బులవాళ్లు డాక్టర్ల చుట్టూ, కాంట్రాక్టర్ల చుట్టూ, కొత్తగా కారు కొన్నవాళ్ల చుట్టూ తిరిగేవాళ్లు. ఈయన మమ్మల్ని తిట్టడానికి వచ్చినవాళ్లను చేర్చుకునేవాడు. వాళ్లు రావడం ఆలస్యమైతే నిజంగా దిగులుపడేవాడు. క్యాంపు ప్రశాంతంగా జరిగిపోతే మేమంతా సంతోషించేవాళ్లం. ఆయన మాత్రం షామియానా విప్పుతున్నంతసేపూ, "ఒక్కడు సుత ఏమనలే" అని గొణుక్కునేవాడు. చందా ఇచ్చేవాళ్లు దొరుకుతారట, చప్పట్లు కొట్టేవాళ్లు దొరుకుతారట. పని మానుకుని వచ్చి మీరు చేసేది బాగోలేదు అనే మనిషికి మాత్రమే మన పని పట్టిందట. ఈ ముక్క ఆయన చెప్పగా ఎన్నిసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ విసుక్కున్నాను. ఇప్పుడు ఇంకొక్కసారి విసుక్కోవాలని ఉంది.

మా క్లబ్బులో ఒక ఇంజనీరుగారు ఉండేవారు. కరెంటు ఆఫీసులో రిటైరై పంజాగుట్టలో ఇల్లు కట్టుకున్న పెద్దాయన, మా వైపు మనిషే. ఆయన చలివేంద్రం దగ్గర దొరికారు. మండుటెండలో గొడుగేసుకుని వచ్చి, కుండల కింద నీళ్లు కారి ఫుట్‌పాత్ అంతా బురదైందని, గ్లాసుకు గొలుసు కట్టడం మనుషుల్ని దొంగలనడమేనని, కుండ మూత సరిగా లేదని వరసగా దులిపారు. "అసలు బుద్ధున్నవాళ్లు పెట్టిన చలివేంద్రమేనా ఇది?" అన్నారు. అన్న కుర్చీ వేశాడు. కుండలోంచి చల్లటి నీళ్లు ముంచి ఇచ్చాడు. "బరాబర్ చెప్పినవ్ సాబ్. ఎట్ల చేద్దాం?" అన్నాడు. మరునాటికి కుండల కింద ఇసుక గంపలు వచ్చాయి, గొలుసు ఊడింది. ఆ తరువాత ప్రతి వేసవిలోనూ చలివేంద్రాల మీద పెత్తనం ఇంజనీరుగారిదే. ఇప్పటిదాకా ఆయన నోట మంచిమాట విన్నవాళ్లు లేరు. ఆయన లేకుండా మా క్లబ్బు ఒక్క పనీ చేసింది లేదు.

అన్ని వేళలా గురి కుదిరిందని కాదు. ఒకసారి మా బ్యానరు తన దుకాణం బోర్డుకు అడ్డమొచ్చిందని ఒక వ్యాపారి రంకెలేస్తూ వచ్చాడు. అన్న మహదానందంతో కుర్చీ వేసి, చేర్చేసుకున్నాడు. చేరాక తెలిసింది, ఆయన కోపమంతా ఆ బోర్డు చుట్టూనే తిరుగుతుందని. వికలాంగులకు ఇచ్చే మూడు చక్రాల బండి మీద కూడా తన దుకాణం పేరు రాయాలన్నాడు. కుదరదంటే అలిగి, పిన్ను బల్ల మీద కొట్టి వెళ్లిపోయాడు. మేం అన్నను ఆటపట్టించాం. "మనిషి తప్పేం లేదు. నేనే కొలత తప్పు తీసిన" అన్నాడు, టేపు సర్దుకుంటూ.

ఆ పిన్ను గురించి చెప్పాలి. మా క్లబ్బుల్లో కొత్త సభ్యుడు చేరినరోజున, చేర్చినవాళ్లు అతని గుండె మీద క్లబ్బు పిన్ను పెడతారు. నేను చేరినరోజున పట్టుచీర కట్టుకున్నాను. అన్న పిన్ను చేతిలోకి తీసుకుని, చీర వంక చూసి ఆగిపోయాడు. జేబులోంచి చిన్న బక్రం ముక్క తీశాడు, చొక్కా కాలరు నిలబడటానికి లోపల వేసి కుట్టే గట్టి గుడ్డ అది. "ఇది ఎన్కకెల్లి పెట్టుకో చెల్లె, పట్టు చినగదు" అన్నాడు. పిన్ను కూడా తాను పెట్టకుండా ఇంజనీరుగారి భార్య చేత పెట్టించాడు. ఆడవాళ్లు ఎవరు చేరినా ఆయన జేబులో ఆ ముక్క ఉండేది. మగ్గం మీద గుడ్డ నేసే ఇంట పుట్టాడాయన, అలాంటివాడికి గుడ్డకు కన్నం పడటం కష్టంగా ఉంటుందేమో.

జూన్ నెల వచ్చిందంటే ఆయనకు చికాకు. క్లబ్బుల సంవత్సరం ఆ నెలతో ముగుస్తుంది, సభ్యులు ఎంత పెరిగారని పైవాళ్లు లెక్క అడుగుతారు. చాలా క్లబ్బులు బావమరిది పేరు, తోడల్లుడి పేరు, డ్రైవరు పేరు రాసి పంపి గట్టెక్కేవి. జూలై రాగానే ఆ పేర్లు మాయమయ్యేవి. పై నుంచి ఎవరో ఆయనకు ఫోన్ చేసి అదే సలహా ఇస్తుంటే నేను దుకాణంలోనే ఉన్నాను. "పేర్లు రాయనీకి ఇదేమన్న ఓటర్ల లిస్టా సార్? ఆళ్లు మీటింగుకొచ్చి ఉప్మా తింటరా, కుండలు మోస్తరా?" అని పెట్టేశాడు. పెట్టేశాక, "ఆయన సుత తిడితే బాగుండు, చేర్సుకుందుము" అని నవ్వాడు.

అలా మెట్లు దిగి వచ్చినవాళ్లతో క్లబ్బు నిండింది. సగం మంది సాఫ్ట్‌వేర్ పిల్లలు, మా సెంటర్లలో చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు. ఊళ్లో మాకెవరూ లేని రోజుల్లో ఆ మేడ మీద గది మాకు చుట్టాలిల్లు. జ్వరమొస్తే అన్న ఇంటి నుంచి జావ వచ్చేది. నా పెళ్లికి మా నాన్న పక్కన నిలబడి వచ్చినవాళ్లను పలకరించింది ఆయనే. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. ఒక్క నా పెళ్లికే కాదు, అందరి పెళ్లిళ్లకూ అంతే.

తరువాత ఉద్యోగాలన్నీ మాదాపూర్ దాటి పడమటికి పోయాయి. ఉద్యోగాల వెంట మనుషులూ పోయారు. ఒకడు కొండాపూర్‌లో ఫ్లాటు కొన్నాడు, ఇంకొకడు మియాపూర్‌లో. మా కోచింగ్ సెంటరు కూడా కొండాపూర్‌లో కొత్త శాఖ తెరిచి నన్ను అక్కడికి పంపింది. ఆఫీసు వదిలి, ఆ ట్రాఫిక్‌లో పంజాగుట్ట చేరేసరికి మీటింగు అయిపోయి కుర్చీలు మడతపెడుతుండేవాళ్లు. మేమంతా కలిసి, కొండాపూర్‌లోనే ఒక కొత్త క్లబ్బు పెట్టుకుంటే ఎలా ఉంటుందని మాట్లాడుకున్నాం. అక్కడ పనికి కొదవ లేదు. లేస్తున్న ప్రతి భవనం కిందా రేకుల గుడిసెల్లో కూలీలున్నారు, వాళ్లను చూసే నాథుడు లేడు. అయితే కొత్త క్లబ్బు పుట్టాలంటే పాత క్లబ్బు ఒప్పుకుని సంతకం పెట్టాలి. మేం వెళ్లిపోతే పాత క్లబ్బులో మిగిలేవాళ్లు ఒక వరస కుర్చీలకు కూడా చాలరు. అంత తక్కువైతే పైవాళ్లు క్లబ్బు ఎత్తేయమంటారు. ఆయన ఇన్నేళ్లూ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కట్టుకున్నది పోతుంది. ఈ సంగతి మాకూ తెలుసు. అందుకే ఎవరూ ఆయనతో చెప్పలేదు. ఎవరు చెప్పాలన్న దగ్గర అందరూ నా వైపు చూశారు.

నేను మొదలుపెట్టక ముందే ఆయన కనిపెట్టేశాడు. ప్యాంటు గుడ్డ కొలుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"చెల్లె, నువ్వు నన్ను తిట్టక మస్తు రోజులైతున్నది."

"అదేం లేదు అన్నయ్యా."

"ఉన్నది. పిల్లలందరు సుత గట్లనే ఉన్నరు. ఉప్మా చల్లగ ఉన్నా బాగుందంటున్నరు. ఫోన్ చేస్తే గారు, గారు అంటున్నరు. గింత మర్యాద ఎందుకొచ్చింది? ఏం దాస్తున్నవ్ చెప్పు."

చెప్పేశాను. మధ్యలో ఆపకుండా, ఆయన ముఖం చూడకుండా చెప్పాను. ఆయన గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీశాడు, చెరిపి మళ్లీ గీశాడు.

"కొత్త క్లబ్బుకు ఎంతమంది కావాలె?" అన్నాడు చివరికి.

మా దగ్గరున్న వాళ్లు చాలరని, ఇంకా బయటి నుంచి చేర్చుకోవాలని చెప్పాను.

"ఆడ మీకు ఎవరు దొర్కుతరు? చేర్చుకునుడు మీకేం తెల్సు? ఆదివారం నేనొస్త" అన్నాడు.

వచ్చాడు. ఒక్క ఆదివారం కాదు, వరసగా చాలా ఆదివారాలు. దుకాణానికి అదే గిరాకీ రోజు. రెండు బస్సులు మారి, మైకు డబ్బా చంకన పెట్టుకుని కొండాపూర్‌లో దిగేవాడు. కూలీలకు కంటి పరీక్షల క్యాంపు పెట్టాం. షామియానా సరిగ్గా ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల గేటు ఎదురుగా వేయించాడు. మధ్యాహ్నం భోజనాలై జనం నడుం వాల్చే వేళకు మైకు పెద్దది చేయించాడు. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు నాలుగో అంతస్తులో నేనున్నప్పుడు కూడా ఇలాగే పెట్టించాడా అన్న అనుమానం ఆరోజే వచ్చింది. అడిగితే మాట మార్చాడు.

ఎవరూ దిగి రాలేదు. కాసేపటికి గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు వచ్చాడు.

"సార్, జర సౌండ్ తక్కువ చేయాల్నంట. పైకెల్లి ఫోనొచ్చింది."

అన్న ముఖం వెలిగింది. "ఎవరు చేసిండ్రు? కిందికి రమ్మను. చాయ్ ఉన్నది, కుర్చీ ఉన్నది."

"గట్ల చెప్తె నా నౌకరీ పోతది సార్" అని గార్డు వెళ్లిపోయాడు.

అన్న ఆ మేడల వైపు తలెత్తి చూశాడు. బాల్కనీల్లో బట్టలు ఆరుతున్నాయి, మనిషి జాడ లేదు. "ఈడ కోపం సుత సెక్యూరిటీకి అప్పజెప్పిండ్రు చెల్లె" అన్నాడు. ఆ మాటలో వేళాకోళం లేదు. మమ్మల్ని ఎలాంటి చోట వదిలిపెట్టి పోవాల్సి వస్తోందో అన్న దిగులుంది.

మూడో ఆదివారమో ఏమో, నిక్కరూ బనీనూ వేసుకుని, నిద్ర కళ్లతో ఒకతను గేటు దాటి పరుగెత్తుకొచ్చాడు. "రాత్రంతా షిఫ్టు చేసొచ్చి పడుకున్నాను. మీకు మానవత్వం లేదా? మీదీ ఒక సేవేనా?" అని చిందులు తొక్కాడు. అన్న అతన్ని చూసిన చూపు నాకింకా కళ్ల ముందే ఉంది. తప్పిపోయిన పిల్లవాడు ఇంటికొస్తే చూసినట్టు చూశాడు. కుర్చీ వేశాడు. మైకు ఆపించాడు. "బరాబర్ చెప్పినవ్ తమ్మీ" అన్నాడు. అతను చాయ్ తాగాడు, తిట్టాడు, ఇంకో చాయ్ తాగాడు. సాయంత్రానికి, కళ్లజోళ్లు తీసుకుంటున్న కూలీల కాగితాల మీద వాళ్ల ఊళ్ల పేర్లు అడిగి రాస్తున్నాడు. తరువాతి వారం భార్యను కూడా తీసుకొచ్చాడు. ఆవిడ కూడా తిట్టింది. అలా ఒక్కొక్కరే దిగారు. ఒక్కొక్కరు దిగినప్పుడల్లా అన్న నా వైపు చూసి చెయ్యి ఊపేవాడు. మేం ఆయన్ని వదిలి వెళ్లే రోజు అంత దగ్గరకొస్తోందని ఇద్దరికీ తెలుసు. నేనైతే ఇంకెవరూ దిగి రాకపోతే బాగుండునని కూడా లోలోపల అనుకున్నాను.

కావలసినంత మంది అయ్యారు. పంజాగుట్ట మేడ మీద ఒప్పుదల కోసం మీటింగు పెట్టారు. ఇంజనీరుగారు లేచి బల్ల గుద్దారు.

"వీళ్లంతా పోతే మిగిలేదెవరం? నేనూ, మీటింగు మొదలెట్టే ఈ గంటా! ఏడాది తిరక్కుండా మూసెయ్యమంటారు. సంతకం పెట్టడానికి వీల్లేదు. ఈయనకు మతి పోయిందా, ఆదివారాలు దుకాణం వదిలేసి పోయి తన క్లబ్బుకు తానే గొయ్యి తవ్వుతున్నాడు!"

అందరూ అన్న వైపు తిరిగారు. ఆయన నెమ్మదిగా లేచాడు. "ఇంజనీరుసాబ్ చెప్పింది బరాబరే. క్లబ్బు మూతపడితే నాకు అన్నం దిగదు. కాని ఆడ ఇటుకలు మోసెటోళ్లకు కండ్లు కనవడ్తలేవు. ఆళ్లు ఆడ ఉన్నరు, మనోళ్లు సుత ఆడనే ఉన్నరు. మనోళ్లను ఈడికి గుంజుకొచ్చి కూసోబెడితే ఫాయిదా ఏంది?" అన్నాడు. అందరికంటే ముందు తానే సంతకం పెట్టాడు. పెట్టి, ఒక్క షరతు మాత్రం చెప్పాడు. వెళ్లేవాళ్లు పూలదండలు వేయించుకుని, ఉపన్యాసాలు ఇచ్చి వెళ్లడానికి వీల్లేదు. ఒక్కొక్కరూ లేచి, ఈ క్లబ్బులో ఏం నచ్చలేదో చెప్పి వెళ్లాలి. "మీరు పోయినంక నేను మల్ల నింపాలె గద. ఏం తక్కువున్నదో తెల్వాలె" అన్నాడు.

తరువాతి రోజుల్లో నిజంగానే నింపాడు. కొత్త హాస్టళ్ల పిల్లలతో, కొత్త తగాదాలతో ఆ గది మళ్లీ కళకళలాడింది. అది నేను దూరం నుంచి చూశాను. మా క్లబ్బుకూ వచ్చి పోతుండేవాడు. ఆయన పోయినప్పుడు రెండు క్లబ్బులవాళ్లం వెళ్లాం. కానీ ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది మేం వెళ్లిపోయిన ఆ సాయంత్రమే.

మొదట లేచిన అబ్బాయి, ఉప్మాలో ఎప్పుడూ ఉప్పు చాలదన్నాడు. "బరాబర్" అన్నాడు అన్న. ఇంకొకడు, ఏ ఫోటోలోనూ తనను పూర్తిగా రానివ్వలేదని, సగం చెయ్యే వచ్చిందని చెప్పాడు. అందరూ నవ్వారు. మీటింగు ఒక్కసారైనా చెప్పిన టైముకు మొదలవలేదని ఒకమ్మాయి చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆపేసి కూర్చుండిపోయింది. ఇంజనీరుగారు తాను వెళ్లడం లేదు కాబట్టి తనకు వంతు రాదేమోనని కంగారుపడి, "నాకూ ఒకటుంది, ఈ మనిషి నా మాట ఒక్కటీ వినడు" అని వేలు చూపించారు. అన్న అన్నిటికీ తల ఊపాడు.

చివరికి నా వంతు. నేను ముందే ఏదో తేలికైనది ఆలోచించి పెట్టుకున్నాను. మెట్లు ఎత్తుగా ఉన్నాయనో, కుర్చీలు కిర్రుమంటాయనో. లేచి నిలబడి ఆయన్ని చూసేసరికి అది కాస్తా ఎగిరిపోయింది.

"నాకు ఒకటే నచ్చలేదు" అన్నాను. "ఇన్నాళ్లూ మీరు ఒక్కసారి కూడా పోవద్దని అనలేదు. మైకు మోసుకుని మరీ వచ్చి మమ్మల్ని సాగనంపారు. ఒక్కసారి ఆపి చూడొచ్చు కదా. ఏం, మేం మీకు అంత బరువైపోయామా?"

కోపంగానే అన్నాను. నిజంగానే కోపమొచ్చింది. ఈసారి ఆయన బరాబర్ అనలేదు. మెడలో టేపు తీసి, వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

"ఆపితే ఆగుతుంటివా చెల్లె?" అన్నాడు.

"ఆగేదాన్ని" అన్నాను.

"నాకెరుకే" అన్నాడు. "గందుకే ఆపలే."